పనస తొనలు, గసగసాలు, అణు కేంద్రం గేటు

క్లుప్తంగా: అణు విద్యుత్ కేంద్రాల్లో పనిచేసేవారికి మద్యం, మత్తు పరీక్షలు తప్పనిసరి చేసే నిబంధన అమెరికాలో 1990 నుంచి అమల్లో ఉంది. కెనడాలో అదే ప్రయత్నం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. మన దేశంలో ఇలాంటి నిబంధనలు అంకెలతో సహా స్పష్టంగా కనిపించేది విమానయానంలో. యంత్రం చూపే అంకె ఒక్కటే ఉద్యోగిపై తీర్పు కాదు. ఆ అంకెకూ తీర్పుకూ మధ్య ఎన్ని మెట్లున్నాయన్న దాన్ని బట్టే ఈ వ్యవస్థ న్యాయంగా ఉందో లేదో తేలుతుంది. గోదావరి డెల్టా నుంచి షట్‌డౌన్ పనులకు, అంటే రియాక్టరును ఆపి చేసే మరమ్మతులకు వెళ్ళే కాంట్రాక్టు కార్మికులకు ఆ మెట్ల సంగతి తెలియడం అవసరం.

2025 జూలైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో ఒక వింత జరిగింది. డ్యూటీ ఎక్కబోయే డ్రైవర్లకు రోజూ చేసే ఊపిరి పరీక్షలో మీటరు మద్యం ఉన్నట్లు చూపింది. చుక్క కూడా ముట్టలేదని వారు గట్టిగా చెప్పారు. ఆరా తీస్తే, డిపోకు వచ్చిన బాగా మాగిన పనస పండు దగ్గర లెక్క తేలింది. మద్యం తాగని వ్యక్తి చేత ముందు ఊదించి, సున్నా వచ్చాక తొనలు తినిపించి మళ్ళీ ఊదిస్తే అంకె పైకి లేచింది. మగ్గిపోయిన పనసలో చక్కెర పులిసి కొద్దిగా ఆల్కహాలు పుడుతుంది. అది నోట్లో ఉన్నంతసేపూ యంత్రం దాన్నీ మద్యంగానే లెక్కగడుతుంది.

పెరటి పనసకు పేరున్న కోనసీమలో ఈ కథ విన్నవారు నవ్వుకోవచ్చు. డిపోలో అయితే మళ్ళీ ఊదించి నిజం తేల్చారు. అదే అంకె ఒక అణు విద్యుత్ కేంద్రం గేటు దగ్గర, ఊరుకాని ఊళ్ళో, భాష రాని కాంట్రాక్టు కార్మికుడికి వస్తే? ముందు గేటు పాస్ చేజారుతుంది, కారణాల మాట ఆ తరువాత.

డెల్టాకు దీనితో పనేమిటి

గోదావరి డెల్టాలో అణు కేంద్రం లేదు. రాష్ట్రంలో వినిపించే ప్రతిపాదన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడది. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు అక్కడ పెట్టాలన్న ఆలోచన ఏళ్ళుగా కాగితాల మీదే ఉంది. నదికి మాత్రం అణుశక్తితో పాత చుట్టరికమే ఉంది. ఎగువన మణుగూరులో, గోదావరి ఒడ్డున ఉన్న భారజల కర్మాగారం దేశంలోని రియాక్టర్లకు భారజలం తయారుచేస్తుంది.

డెల్టా మనుషులకు అణు కేంద్రం ఎదురయ్యేది పని వెతుక్కునేటప్పుడు. తాటిపాక, ఓడలరేవు, కాకినాడ చుట్టూ చమురు, గ్యాసు పనులు వచ్చాక వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, పరంజా కట్టేవారు ఇక్కడ చాలామంది తయారయ్యారు. రియాక్టరును ఆపి మరమ్మతులు చేసే కొద్ది వారాల్లో కాంట్రాక్టర్లకు వందల కొద్దీ ఇలాంటి చేతులు కావాలి. పనివారి మాటలో అది షట్‌డౌన్. కల్పాక్కం, కైగా, కూడంకుళం పేర్లు అలా ఊళ్ళలోకి వస్తాయి. గల్ఫ్ దారి పట్టిన కుటుంబాలకు అబుదాబి ఎమిరేట్‌లోని బరాకా పేరు కూడా కొత్తది కాదు. అక్కడి నాలుగు రియాక్టర్లలో చివరిది 2024లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చింది.

మన దేశంలో ఇప్పుడు నడుస్తున్న అణు విద్యుత్ సామర్థ్యం 8 వేల మెగావాట్లకు పైచిలుకు. 2047 నాటికి దాన్ని 100 గిగావాట్లకు, అంటే లక్ష మెగావాట్లకు పెంచాలన్నది 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష్యం. ప్రైవేటు సంస్థల భాగస్వామ్యం కోసం చట్టాలు సవరిస్తామన్న మాట కూడా అందులోనే ఉంది. కేంద్రాలు పెరిగి, నడిపే చేతులు మారితే గేటు దగ్గర అడిగే పరీక్షలూ పెరుగుతాయని ఊహించడం కష్టం కాదు.

పట్టాల మీద మొదలైన కథ

1979లో త్రీమైల్ ఐలండ్, 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా. పెద్దవిగా చెప్పుకునే ఈ మూడు అణు ప్రమాదాల్లో ఏదీ తాగి పనిచేయడం వల్ల జరగలేదు. అయినా పరీక్షలు ఎందుకు వచ్చాయన్నది న్యాయమైన ప్రశ్న.

జవాబు కొంత రైలు పట్టాల మీద దొరుకుతుంది. 1987 జనవరి 4న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, చేజ్ అనే చోట ఒక ప్రయాణికుల రైలు సిగ్నల్ దాటి వచ్చిన ఇంజన్లను ఢీకొంది. 16 మంది చనిపోయారు. ఇంజన్లు నడిపిన సిబ్బంది గంజాయి వాడినట్లు పరీక్షల్లో తేలింది. అప్పటికే అధ్యక్షుడు రీగన్ 1986 సెప్టెంబరులో ప్రభుత్వ కార్యాలయాలు మత్తుకు దూరంగా ఉండాలని ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. ఈ ప్రమాదంతో మిగతా ప్రమాదకర రంగాలూ కదిలాయి. రైల్వే సిబ్బందికి ప్రమాదం తరువాత చేసే పరీక్షలు రాజ్యాంగబద్ధమేనని అక్కడి సుప్రీంకోర్టు 1989 మార్చిలో తీర్పు చెప్పింది.

అణు రంగానికి సొంత మచ్చ కూడా ఒకటుంది. 1987 మార్చి 31న పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ కేంద్రాన్ని మూసేయమని అమెరికా అణు నియంత్రణ సంఘం ఆదేశించింది. కంట్రోల్ రూములో ఆపరేటర్లు నిద్రపోతూ దొరికారు. వారు తాగి లేరు, ఉత్త నిద్ర. ఆ సంగతి ఈ వ్యాసం చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

1986లో విధాన ప్రకటనతో సరిపెట్టిన ఆ సంఘం 1989 జూన్‌లో పూర్తి నిబంధన ప్రకటించింది. అది 1990 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. విధులకు యోగ్యత అని దానికి పేరు. మద్యం, మత్తు అందులో ఒక భాగం మాత్రమే.

దీని వెనక ఉన్న తర్కం ఏటిగట్టు ఎరిగినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. 1986 ఆగస్టు వరదలో గోదావరి గట్లకు గండ్లు పడ్డప్పుడు, గట్టు తెగిన చోట ఊరికి అడ్డంగా మరేమీ లేదు. అణు కేంద్రంలో గట్టు వెనక గట్టు, దాని వెనక మరో గట్టు ఉన్నట్లు రక్షణ పొరలు కడతారు. ఇంధనపు గొట్టం, ఉక్కు పాత్ర, కాంక్రీటు గుమ్మటం, తమంతట తామే ఆపేసే వ్యవస్థలు. మనిషి కూడా వాటిలో ఒక పొర. పైగా మిగతా పొరలన్నిటినీ కట్టేదీ, తనిఖీ చేసేదీ, సంతకం పెట్టేదీ ఆ పొరే. అందుకే దాన్నీ పరీక్షించాలన్న వాదన నిలబడింది.

చీటీ ఎవరికి పడుతుంది

అమెరికా నిబంధనలో ఐదు సందర్భాలున్నాయి. మొదటిసారి లోపలికి అనుమతి ఇచ్చే ముందు, ఏ ముందస్తు సమాచారం లేకుండా యాదృచ్ఛికంగా, నడవడికలో తేడా కనిపించినప్పుడు, ప్రమాదం లాంటిది జరిగాక, ఒకసారి దొరికి తిరిగి పనిలోకి వచ్చాక కొంతకాలం. వీటిలో అపోహలు ఎక్కువగా ఉన్నది రెండోదాని మీద.

కేంద్రంలో అనుమతి ఉన్నవారి సంఖ్యలో ఏడాదికి కనీసం సగం పరీక్షలు యాదృచ్ఛికంగా జరగాలి. మొదట్లో ఇది నూటికి నూరుగా ఉండేది, 1994లో సగానికి తగ్గించారు. సగం పరీక్షలంటే సగం మందికి పరీక్ష అని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. పేరు వచ్చినవారి చీటీ మళ్ళీ కుండలోకే వెళుతుంది. సోమవారం పిలిచినవారిని మంగళవారం మళ్ళీ పిలవవచ్చు. వెయ్యిమంది ఉన్నచోట ఏడాదికి ఐదువందల చీటీలు ఇలా తీస్తే, సంభావ్యత లెక్క ప్రకారం దాదాపు 600 మందికి ఏడాదంతా పిలుపే రాదు. సుమారు 300 మందికి ఒకసారి వస్తుంది. మిగిలిన 90 మందికి రెండుసార్లు, అంతకంటే ఎక్కువ కూడా. మూడేళ్ళు గడిచినా దాదాపు 220 మందికి ఒక్కసారీ రాకపోవచ్చు. ఇదే మనిషిని పదేపదే పిలుస్తున్నారన్న ఫిర్యాదు, ఎన్నడూ పిలుపు రాని సహోద్యోగి మీద అనుమానం ఈ లెక్కలోంచే పుడతాయి. కక్ష సాధింపు ఎక్కడా ఉండదని దీని అర్థం కాదు. చీటీ తీసేది కంప్యూటరా, సూపర్‌వైజరా అన్నది అందుకే మొదట అడగవలసిన ప్రశ్న.

ఊపిరి ఇప్పటి మాట, మూత్రం మొన్నటి మాట

మద్యం పరీక్షా గంజాయి పరీక్షా ఒక గాటన కట్టి మాట్లాడటం మామూలే. అవి కొలిచేవి మాత్రం వేర్వేరు.

రక్తంలోని ఆల్కహాలు ఊపిరితిత్తుల్లోకి ఆవిరిగా వస్తుంది. ఊపిరిలో ఎంత ఉందో కొలిచి, దాన్ని సాధారణంగా 2,100తో గుణించి రక్తంలో ఎంత ఉందో అంచనా వేస్తారు. అంటే ఆ అంకె ఆ నిమిషంలో శరీరం ఉన్న స్థితికి దగ్గరగా ఉంటుంది. ముఖ్యంగా నోట్లో మిగిలిన పదార్థం దాన్ని తప్పుదారి పట్టిస్తుంది: పనస తొన, నోరు పుక్కిలించే మందు, హోమియో చుక్కలు, అప్పుడే తాగిన ద్రాక్షారిష్టం. వీటిలో ఆఖరుది మరో చిక్కు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలో ఆల్కహాలు సహజంగానే ఉంటుంది, మోతాదు పెరిగితే అది రక్తంలోకి కూడా చేరుతుంది. నోటిలోని పొరపాటుకు విరుగుడు తేలిక. పావుగంట ఆగి, ఏమీ తిననీయకుండా తాగనీయకుండా మళ్ళీ ఊదించాలి. నోటిలోని ఆవిరి ఈలోగా చెదిరిపోతుంది, రక్తంలోది మిగులుతుంది.

అమెరికా అణు కేంద్రాల్లో పరిమితి 0.04 శాతం. మన మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది, అంటే 0.03 శాతం. మన రోడ్డు వారి రియాక్టరు కంటే కఠినమా అనిపిస్తుంది. అక్కడ ఒక మెలిక ఉంది. పనిలోకి వచ్చి గంట దాటితే పరిమితి 0.03కు, రెండు గంటలు దాటితే 0.02కు దిగుతుంది. సగటు శరీరం గంటకు సుమారు 0.015 శాతం చొప్పున ఆల్కహాలును కరిగిస్తుంది. రెండు గంటల తరువాత 0.02 ఉందంటే గేటు దాటేటప్పుడు 0.05 దగ్గర ఉండి ఉండాలి. పరిమితిని అలా వెనక్కి లెక్కగట్టి పెట్టారు.

విధులకు ఐదు గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదన్న షరతు కూడా ఉంది. అదే లెక్క వేస్తే ఐదు గంటల్లో కరిగేది 0.075 మాత్రమే. అర్ధరాత్రి దాకా గట్టిగా తాగినవారు షరతు పాటించి కూడా తెల్లవారి పరీక్షలో తప్పుతారు. మన పౌర విమానయాన నిబంధన పైలట్లకు 12 గంటలు చెప్పడంలో ఆంతర్యం ఇదే. అర్ధరాత్రి అత్యవసర పిలుపు వస్తే ఏం చేయాలో కూడా అమెరికా నిబంధనలో ఉంది. గత ఐదు గంటల్లో మద్యం తీసుకున్నట్లు ఉద్యోగి ముందే చెప్పేయాలి, అలా చెప్పినందుకు శిక్ష ఉండదు. నిజం చెప్పడానికి ఒక తలుపు తెరిచి ఉంచిన ఈ చిన్న నియమం మొత్తం వ్యవస్థలో తెలివైన భాగాల్లో ఒకటి.

మూత్ర పరీక్ష సంగతి వేరు. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో నిల్వ ఉండి మెల్లగా విరుగుతుంది. ఒక్కసారి పీల్చినవారి మూత్రంలో మూడు రోజుల దాకా, రోజూ పీల్చేవారిలో కొన్ని వారాల దాకా దాని ఆనవాళ్ళు దొరుకుతాయి. ఈ క్షణంలో మత్తులో ఉన్నారా అన్న ప్రశ్నకు ఆ పరీక్ష జవాబివ్వదు, ఈ మధ్య వాడారని మాత్రమే చెబుతుంది. సమర్థకుల దృష్టిలో అది చాలు. చట్టవిరుద్ధమైన పదార్థం వాడే మనిషి నిబంధనలను ఎంతవరకు గౌరవిస్తాడు, ఎవరి బెదిరింపులకు లొంగుతాడు అన్న భద్రతా కోణం వారిది. సెలవురోజు ఇంట్లో చేసిన పనికి ఉద్యోగం తీస్తారా అన్నది ఎదుటివారి ప్రశ్న. రెండూ కొట్టిపారేయదగినవి కావు. మన దగ్గర ఇంకో ముడి కూడా ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి నిర్వచనం మొక్క పూత కొసలకు పరిమితం, ఒట్టి ఆకులు అందులోకి రావు. ఆ ఆకులతో చేసే భంగును చట్టం ఒక కంటితో చూస్తే, మూత్ర పరీక్ష మరో కంటితో చూస్తుంది.

గసగసాల చిక్కు

కోడి కూరలో గసగసాలు, కొబ్బరి కలిపి నూరిన మసాలా వేయని పండుగ గోదావరి జిల్లాల్లో ఊహించడం కష్టం. నల్లమందు వచ్చే మొక్కకు కాసే గింజలే అవి. గింజ లోపల మత్తు లేకపోయినా, కాయను కోసేటప్పుడు అంటిన పాల వల్ల పైపొర మీద కొద్దిగా మార్ఫిన్ ఉంటుంది. కడిగి, వేయించి, నూరి, ఉడికిస్తే చాలావరకు పోతుంది. పూర్తిగా పోతుందని చెప్పలేం.

గసగసాలు తిన్న మరునాడు మూత్రంలో మార్ఫిన్ కనిపించడం ప్రయోగశాలలకు బాగా తెలిసిన విషయం. పాశ్చాత్య దేశాల్లో రొట్టెల మీద చల్లే ఈ గింజల వల్లే అక్కడ ఎంతోమంది ఉద్యోగులు ఇరుక్కున్నారు. అమెరికాలో ప్రభుత్వ పరీక్షలకు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములుగా ఉన్న హద్దును 1998లో 2,000కు పెంచడానికి ముఖ్య కారణం అదే. హెరాయిన్ వాడకాన్ని తేల్చడానికి ఒక ప్రత్యేక పదార్థాన్ని వెతుకుతారు. హెరాయిన్ శరీరంలో విరిగినప్పుడే అది పుడుతుంది, గసగసాల్లో ఎంత వెతికినా దొరకదు. కాబట్టి మార్ఫిన్ ఉండి, ఆ పదార్థం లేకపోతే కథ వంటింటి వైపు, లేదా కొడీన్ కలిసిన దగ్గు మందు వైపు తిరుగుతుంది.

ఈ తేడాను చూడవలసింది యంత్రం కాదు, వైద్యుడు. అమెరికా పద్ధతిలో ప్రయోగశాల ఫలితం నేరుగా యాజమాన్యం చేతికి వెళ్ళదు. పరీక్షల్లో ప్రత్యేక శిక్షణ పొందిన సమీక్ష వైద్యుడు ముందు ఉద్యోగితో మాట్లాడతాడు. ఏ మందులు వాడుతున్నారు, డాక్టరు చీటీ ఉందా, పంటి నొప్పికి ఏం వేసుకున్నారు అని అడుగుతాడు. సంతృప్తికరమైన వివరణ ఉంటే ఫలితం నెగటివ్‌గానే యాజమాన్యానికి చేరుతుంది.

అంతకు ముందు మరో మెట్టు ఉంది, అది రెండో పరీక్ష. మొదటి పరీక్ష చౌకైనది, వేగవంతమైనది, కాస్త తొందరపాటుది. రెండోదాని అవసరం లెక్కలో చూస్తే తేలుతుంది. వెయ్యిమందిలో నిజంగా మత్తు వాడేవారు ఐదుగురు అనుకుందాం. ఆ ఐదుగురినీ పట్టుకుని, మిగతావారిలో నూటికి ఒకరిని పొరపాటుగా అనుమానించే పరీక్ష పెడితే, దొరికేవారు 15 మంది. అందులో 10 మంది ఏ పాపం ఎరుగనివారు. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు సరైన పరీక్ష కూడా, దోషులు అరుదుగా ఉన్న గుంపులో మూడింట రెండువంతులు తప్పుగా వేలు చూపిస్తుంది. అందుకే మొదటి అనుమానం వచ్చిన ప్రతి నమూనానూ అణువుల బరువును బట్టి గుర్తించే రెండో యంత్రంలో పరీక్షిస్తారు. అక్కడా నిలిస్తేనే వైద్యుడి దగ్గరికి వెళుతుంది. రెండు సీసాల పద్ధతి ఉన్నచోట నమూనాను మొదట్లోనే వాటిలో పోసి, ఉద్యోగి కళ్ళముందే సీలు వేస్తారు. ఫలితం మీద నమ్మకం లేకపోతే రెండో సీసాను మరో ప్రయోగశాలలో పరీక్షించమని అడిగే హక్కు ఆ ఉద్యోగికి ఉంటుంది.

గల్ఫ్ వెళ్ళేవారికి గసగసాల సంగతి ఇంకా తీవ్రం. యూఏఈలో అవి నిషిద్ధ వస్తువులు. అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లం విమానాశ్రయంలోనే కేసు కావచ్చు. మన చట్టం మాత్రం నల్లమందు మొక్కలోని గింజలను నిషేధం నుంచి మినహాయించింది.

మోసం, శిక్ష

వేరేవారి మూత్రం, నీళ్ళు కలిపిన మూత్రం, అంగడిలో దొరికే పొడి మూత్రం: ఈ ఎత్తులన్నిటికీ పై ఎత్తులున్నాయి. నమూనా ఇచ్చిన నాలుగు నిమిషాల్లోపు దాని వేడి చూస్తారు, అది 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. పల్చన చేశారా అన్నది మూత్రంలో సహజంగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం చెబుతుంది. మరుగుదొడ్డి నీటిలో నీలం రంగు కలుపుతారు.

మొదటిసారి ధ్రువపడితే కనీసం 14 రోజులు లోపలికి రానివ్వరు, వైద్య మదింపు అయ్యాకే తిరిగి అనుమతి. రెండోసారి ఐదేళ్ళు. పరీక్షను తారుమారు చేయబోతే శాశ్వతంగా గేటు మూసేస్తారు. మత్తు కంటే మోసానికే శిక్ష పెద్దది. ఒక కేంద్రంలో పడిన మచ్చ ఇతర కేంద్రాలకూ తెలిసేలా సమాచార మార్పిడి ఉంటుంది. ఊరు మారి వేరే మేస్త్రీ కింద చేరిపోయే దారి అక్కడ లేదు.

అక్కడి ఫలితాల్లో పాజిటివ్ వచ్చేవారు మొత్తం మీద నూటికి ఒక్కరి లోపే. శాశ్వత ఉద్యోగుల కంటే కాంట్రాక్టు సిబ్బందిలో, యాదృచ్ఛిక పరీక్షల కంటే మొదటి అనుమతి పరీక్షల్లో ఈ రేటు ఎక్కువ. తక్కువ రేటును చూపి పరీక్షల భయమే పనిచేస్తోందని యాజమాన్యాలు అంటాయి. లేని జబ్బుకు మందు వేస్తున్నారని కార్మిక సంఘాలు అంటాయి. ఒకే అంకె ఇద్దరికీ సాక్ష్యమిస్తుంది.

కెనడాలో ఎదురు వాదన

కెనడా కార్మిక సంఘాలు ఈ వాదనను కోర్టులకు లాగాయి. దానికి ముందు ఒక కాగితపు మిల్లు కేసు ఉంది. న్యూ బ్రన్స్‌విక్‌లోని మిల్లులో యాదృచ్ఛిక మద్యం పరీక్షలు పెడితే, 15 ఏళ్ళలో ఎనిమిది సంఘటనలు మాత్రమే నమోదైన చోట అందరి ఊపిరీ కొలవడం సమంజసం కాదని 2013లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రమాదకరమైన పనిచోటు అన్న ఒక్క కారణం చాలదని, సమస్య ఉన్నట్లు ఆధారం చూపాలని ఆ తీర్పు సారాంశం.

అణు నియంత్రణ సంస్థ 2017లో తన నిబంధన ప్రకటించినప్పుడు ఈ తీర్పు అడ్డు నిలిచింది. భద్రతకు అత్యంత కీలకమైన ఉద్యోగాల్లో ఉన్నవారిలో ఏడాదికి 25 శాతానికి యాదృచ్ఛిక పరీక్ష చేయాలన్నది ఆ నిబంధన. సంఘాలు సవాలు చేశాయి. 2022 జనవరిలో స్టే వచ్చింది. 2023 జూన్‌లో ఫెడరల్ కోర్టు, 2024 నవంబరులో అప్పీలు కోర్టు నిబంధనను సమర్థించాయి. మిల్లు యజమాని ఏకపక్షంగా పెట్టిన షరతుకూ, ప్రజల రక్షణ బాధ్యత ఉన్న నియంత్రణ సంస్థ విధించిన షరతుకూ తేడా ఉందన్నది ఆ మలుపుకు ఇరుసు. అమెరికాలో గేటు దాటే దాదాపు అందరూ పరీక్ష కిందికి వస్తే, కెనడా కంట్రోల్ రూము ఆపరేటర్లు, సాయుధ భద్రతా సిబ్బంది వంటి కొద్దిమందికే యాదృచ్ఛిక పరీక్షను పరిమితం చేసింది. వెల్డర్‌కూ ఆపరేటర్‌కూ ఒకే గీటురాయి ఎందుకన్న ప్రశ్నకు అది ఒక జవాబు.

మన దగ్గర

అణుశక్తి నియంత్రణ బోర్డు 1983 నవంబరులో ఏర్పడింది. రియాక్టరు నడిపే సిబ్బందికి శిక్షణ, పరీక్షలతో పాటు వైద్య యోగ్యత కూడా ఉండాలి. గేటు దగ్గర కాపలా సీఐఎస్ఎఫ్‌ది. పనిచోట తాగి ఉండటాన్ని చాలా సంస్థల స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఉద్యోగ నియమాలు, దుష్ప్రవర్తన కింద లెక్కిస్తాయి.

మూత్రం సీసాలో ఇవ్వడం మన అణు కార్మికులకు కొత్త కాదు, దాని ఉద్దేశం వేరు. భారజలంతో నడిచే రియాక్టర్లలో ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఒంట్లోకి చేరిందేమో చూడటానికి క్రమం తప్పకుండా మూత్ర పరీక్షలు చేస్తారు. 2009 నవంబరులో కైగాలో 50 మందికి పైగా సిబ్బంది ఒంట్లో ట్రిటియం ఎక్కువగా ఉన్నట్లు బయటపడింది ఆ పరీక్షల వల్లే. ఎవరో కావాలనే తాగునీటి కూలర్‌లో ట్రిటియం కలిసిన భారజలం పోశారని తేలింది. ఆ పరీక్ష కార్మికుడిని కాపాడటానికి, మత్తు పరీక్ష కార్మికుడి నుంచి కేంద్రాన్ని కాపాడటానికి. సీసా ఒకటే అయినా ఇచ్చేవారి మనసులో ఈ తేడా ఉంటుంది. ఒకదాని కోసం ఇచ్చిన నమూనాను మరోదానికి వాడితే రెండిటి మీదా నమ్మకం పోతుంది.

అంకెలతో సహా రాసిన భారతీయ నిబంధన కావాలంటే విమానయానం వైపు చూడాలి. పైలట్లకు మద్యం విషయంలో మొదటి తప్పుకు మూడు నెలల సస్పెన్షన్, రెండోదానికి మూడేళ్ళు, మూడోదానికి లైసెన్సు రద్దు. 2022 జనవరి 31 నుంచి విమాన సిబ్బందికీ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకూ మత్తు పదార్థాల యాదృచ్ఛిక పరీక్షలు ఏడాదికి 10 శాతం చొప్పున మొదలయ్యాయి. రైలు లోకో పైలట్లు, ఆర్టీసీ డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు ఊదడం డెల్టాలో అందరికీ తెలిసిందే. పందళంలో జరిగినట్లు, అక్కడ యంత్రానికీ మనిషికీ మధ్య వైద్యుడనే మెట్టు కనిపించదు.

కోర్టుల దృష్టి ఈ లోటును కొంత సరిచేస్తుంది. నోటి వాసన, తడబడే నడక మాత్రమే చూసి మద్యం తాగినట్లు నిర్ధారించలేమని, రక్తమో మూత్రమో పరీక్షించాలని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. 2010లో అంగీకారం లేని నార్కో పరీక్షలను తోసిపుచ్చింది. 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. రేపు అణు కేంద్రాల్లో విస్తృత పరీక్షలు వస్తే అవి చట్టం ఆధారంగా ఉన్నాయా, అవసరానికి తగిన మోతాదులో ఉన్నాయా అన్న ప్రశ్నలను ఈ తీర్పులే అడుగుతాయి. కాంట్రాక్టరు ఇచ్చే తెల్లకాగితం మీద తీసుకున్న సంతకం ఆ ప్రశ్నలకు జవాబు కాలేదు.

మీటరుకు అందనివి

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు వెళ్ళాల్సిన గొట్టంలో తడి గ్యాసు నడవడం, తుప్పు పట్టడం విచారణల్లో ముందుకు వచ్చిన కారణాలు. ఆ రాత్రి విధుల్లో ఉన్న ప్రతి ఒక్కరి చేతా ఊదించి ఉన్నా మీటర్లన్నీ సున్నానే చూపించేవి. ఎప్పుడో, ఎక్కడో ఆఫీసులో వాయిదా వేసిన మరమ్మతు ఏ సీసాలోనూ రంగు మార్చదు.

పీచ్ బాటమ్ నిద్ర కూడా అలాంటిదే. 17 గంటలు మెలకువగా ఉన్నవారి పనితీరు 0.05 శాతం మద్యం ఉన్నవారి పనితీరు స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అంటే మన రోడ్డు పరిమితిని దాటిన స్థితి. అమెరికా 2008లో తన నిబంధనను తిరగరాసినప్పుడు అలసటను కూడా చేర్చింది. కీలక విధుల్లో ఉన్నవారు 24 గంటల్లో 16 గంటలకు, ఏడు రోజుల్లో 72 గంటలకు మించి పనిచేయకూడదు, రెండు షిఫ్టుల మధ్య సాధారణంగా 10 గంటల విరామం ఉండాలి. ఉద్యోగి తనంతట తానే అలసిపోయానని చెబితే మదింపు చేయాలి. మద్యం పరీక్షలో భారమంతా ఉద్యోగి మీద పడితే, అలసట నియమంలో భారం డ్యూటీ చార్టు రాసేవారి మీదికి మారుతుంది. బహుశా అందుకే ఊదించే యంత్రాలు కొన్నంత సులువుగా ఈ నియమం ఎక్కడా అమలు కాదు.

షట్‌డౌన్‌లో ప్రతి రోజుకూ ఉత్పత్తి నష్టం లెక్క ఉంటుంది. పని త్వరగా ముగించాలన్న ఒత్తిడి కాంట్రాక్టరు మీద, అతని నుంచి మేస్త్రీ మీద, అక్కడి నుంచి వెల్డర్ మీద పడుతుంది. ఓవర్‌టైము డబ్బు ఇంటికి పంపుకోవాలన్న ఆశ వెల్డర్ వైపు నుంచి దానికి తోడవుతుంది. రాజమండ్రిలో రైలెక్కి, రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి, దిగిన పూటే షిఫ్టుకు వచ్చిన మనిషి గేటు దగ్గర ఊదితే మీటరులో వచ్చేది సున్నా. పాస్ మీద ముద్ర పడుతుంది, అతను లోపలికి వెళతాడు.